షేర్డ్ సర్వర్లలో పీహెచ్‌పీ 5.6 నుంచి 8.1 దాకా: ఒక హోస్టింగ్ బృందం కేస్ స్టడీ

వెబ్‌సైట్ల కోడ్ రాసే భాష పీహెచ్‌పీలో 5.6 వెర్షన్‌కు భద్రతా సవరణలు 2018 డిసెంబర్ 31తో ఆగిపోయాయి. 7.4కు 2022 నవంబర్ 28తో ఆగాయి. ఆ రెండో తేదీ దాటాక మా షేర్డ్ సర్వర్ల (అనేకమంది ఖాతాదారుల సైట్లు కలిసి నడిచే సర్వర్ల) మీద ఏ సైటు ఏ వెర్షన్‌తో నడుస్తోందో జాబితా తీశాం. ఎక్కువ భాగం 7.4 మీద, చెప్పుకోదగ్గన్ని 5.6 మీద, కొన్నయితే 5.3 మీద కూడా ఉన్నాయి. 8తో మొదలయ్యే వెర్షన్ల మీద ఉన్నవి దాదాపుగా కొత్త ఖాతాలే.

మాది విజయవాడలో ఒక చిన్న హోస్టింగ్ సంస్థ. జూనియర్ కాలేజీలు, నర్సింగ్ హోమ్‌లు, కల్యాణ మండపాలు, చీరల దుకాణాలు, గుడి ట్రస్టులు, ఆడిటర్ ఆఫీసులు, జిల్లా వారపత్రికలు మా ఖాతాదారులు. సర్వర్లలో క్లౌడ్‌లైనక్స్ 7 అనే ఆపరేటింగ్ సిస్టమ్, దాని పైన ఖాతాలను నడిపే కంట్రోల్ ప్యానెల్ సీప్యానెల్. ఒకే సర్వర్‌లో నాలుగైదు పీహెచ్‌పీ వెర్షన్లు పక్కపక్కనే ఉంటాయి, ఏ సైటుకు ఏది కావాలో దానికి అది పెట్టుకోవచ్చు. ఈ వెసులుబాటు ఉండబట్టే పాత వెర్షన్లు ఇన్నేళ్లు మిగిలిపోయాయి. ఎవరికీ ఇబ్బంది లేదు కాబట్టి ఎవరూ కదపలేదు.

కదపాల్సిన గడువు మాత్రం ఆపరేటింగ్ సిస్టమ్ వైపు నుంచి వచ్చింది. సెంటాస్ 7 అనే ఉచిత లైనక్స్‌కు మద్దతు 2024 జూన్ 30తో ఆగిపోయేది, మా క్లౌడ్‌లైనక్స్ 7 దాని మీద కట్టినదే. సీప్యానెల్ కూడా 110 తర్వాతి వెర్షన్లను సెంటాస్ 7 మీద ఇవ్వలేదు. కొత్త సర్వర్లకు ఎలాగూ మారాలి. సర్వర్‌ను, పీహెచ్‌పీని ఒకే రాత్రి మారిస్తే పొద్దున సైటు తెరుచుకోనప్పుడు తప్పు ఏ మార్పుదో తేల్చలేం. అందుకే ముందు పాత సర్వర్ల మీదే పీహెచ్‌పీని పైకి తెచ్చి, ఆ తర్వాత సర్వర్ మార్చాలని నిర్ణయించాం. ఈ వరుస మిగతా ప్లాన్ మొత్తాన్నీ తేలిక చేసింది.

భద్రత సంగతి ఉన్నదున్నట్టు చెప్పాలి. క్లౌడ్‌లైనక్స్ వాళ్ల హార్డెన్డ్‌పీహెచ్‌పీ గడువు తీరిన వెర్షన్లకూ సవరణలు ఇస్తుంది. కాబట్టి 5.6 ఇంటర్‌ప్రెటర్ (కోడ్‌ను నడిపే ప్రోగ్రామ్) తలుపులు బార్లా తెరుచుకుని లేదు. ప్రమాదం దాని పైన నడిచే కోడ్‌లో ఉంది. సైట్లు కట్టే ఉచిత సాఫ్ట్‌వేర్ వర్డ్‌ప్రెస్‌లో 2023 ఆగస్టున వచ్చిన 6.3 పీహెచ్‌పీ 5ను వదిలేసి కనీసం 7.0 అడిగింది. 2024 జూలైలో 6.6 ఆ గీతను 7.2.24కు పెంచింది. 5.6 మీద ఉండిపోయిన వర్డ్‌ప్రెస్ సైటుకు కొత్త వర్డ్‌ప్రెస్ రాదు, దాని ప్లగిన్లలో (అదనపు సదుపాయాలు చేర్చే ముక్కల్లో) చాలావాటికి సవరణలూ రావు. సైట్లు హ్యాక్ అయ్యేది ఎక్కువగా ఆ దారినే.

ఎంచుకున్నవాళ్లు, ఎంచుకోనివాళ్లు

సీప్యానెల్‌లోని మల్టీపీహెచ్‌పీ మేనేజర్‌లో ప్రతి డొమైన్‌కూ ఒక వెర్షన్ కనిపిస్తుంది. కొన్నింటికి అది ఎవరో కావాలని పెట్టినది. మిగతావాటి పక్కన 'ఇన్‌హెరిట్' అని ఉంటుంది, అంటే సర్వర్ డిఫాల్ట్ ఏదైతే అదే. బయటికి రెండూ 7.4గానే కనిపిస్తాయి. ప్లాన్‌కు మాత్రం ఈ రెండూ పూర్తిగా వేరు.

హోస్టింగ్‌లో వెర్షన్ అప్‌గ్రేడ్ అంటే చాలామంది చేసేది డిఫాల్ట్‌ను మార్చడం. ఒక్క బటన్, పని అయిపోయినట్టు ఉంటుంది. అప్పుడు కదిలేది ఎవరు? వెర్షన్ అంటే ఏమిటో తెలియనివాళ్లు, ఎవరో కట్టిచ్చిన సైటును అలాగే ఉంచుకున్నవాళ్లు, అడగడానికి డెవలపర్ లేనివాళ్లు. కావాలని 5.6 పెట్టుకున్న డెవలపర్ సైట్లు చెక్కుచెదరవు. అంటే దెబ్బ తట్టుకోలేనివాళ్లకే దెబ్బ తగులుతుంది, అదీ సర్వర్ మొత్తం మీద ఒకేసారి.

అందుకే మొదటి పనిగా దీన్ని తలకిందులు చేశాం. ఇన్‌హెరిట్‌లో ఉన్న ప్రతి డొమైన్‌ను అది ఆ రోజు నడుస్తున్న వెర్షన్‌కే పేరుపెట్టి కట్టేశాం. సర్వర్ నిర్వాహకుల ప్యానెల్ డబ్ల్యూహెచ్‌ఎంకు ఆదేశాలు పంపే చిన్న స్క్రిప్ట్ చాలు, సైట్లలో ఏమీ మారదు. ఆ తర్వాతే డిఫాల్ట్‌ను 8.1 చేశాం. దాంతో కొత్తగా తెరిచే ఖాతాలన్నీ 8.1లో పుడతాయి, పాతవి కదలవు. నీళ్లు వచ్చే రంధ్రం పూడ్చాక తొట్టి ఖాళీ చేయడం మొదలుపెట్టినట్టు. అక్కడి నుంచి మిగిలింది ఒక్కో ఖాతాను మేము ఎంచుకున్న రోజున, యజమానికి తెలిసి, వెనక్కి తిప్పే వీలుతో మార్చడం.

ఇలా కట్టేయడంలో ఒక మెలిక ఉంది. సీప్యానెల్ ఆ వెర్షన్ పేరును సైటు ఫోల్డర్‌లోని హెచ్‌టీయాక్సెస్ ఫైల్‌లో (ఆ ఫోల్డర్ సెట్టింగుల ఫైలు) ఒక హ్యాండ్లర్ వరుసగా, అంటే పీహెచ్‌పీ ఫైళ్లను ఏ వెర్షన్ నడపాలో చెప్పే వరుసగా రాస్తుంది. డెవలపర్ తన దగ్గరున్న పాత కాపీని ఎఫ్‌టీపీతో సర్వర్‌కు ఎక్కిస్తే ఆ వరుస పోతుంది, సైటు డిఫాల్ట్‌కు జారిపోతుంది. దీనికంటే ప్రమాదమైనది ఇంకొకటి. వేరే హోస్ట్ నుంచి తెచ్చుకున్న హెచ్‌టీయాక్సెస్‌లో మా సర్వర్‌కు తెలియని పాత హ్యాండ్లర్ పేరు ఉంటే, వెబ్ సర్వర్ సాఫ్ట్‌వేర్ అపాచీ ఆ పీహెచ్‌పీ ఫైల్‌ను నడపకుండా డౌన్‌లోడ్‌గా ఇచ్చేయవచ్చు. అంటే డేటాబేస్ పాస్‌వర్డ్ ఉన్న కోడ్ వచ్చినవాళ్ల చేతిలో పడుతుంది. రేపు 5.6 ప్యాకేజీని సర్వర్ నుంచి తీసేసినప్పుడు, దాని పేరు మిగిలి ఉన్న ప్రతి ఫోల్డర్‌లోనూ ఇదే జరగవచ్చు. అందుకే పాత వెర్షన్ తీసేసే ముందు సర్వర్‌లోని హెచ్‌టీయాక్సెస్ ఫైళ్లన్నింటిలో పాత హ్యాండ్లర్ పేర్లు వెతికి శుభ్రం చేయాలి. ఇది మా చెక్‌లిస్ట్‌లో రాసి ఉన్న పని, ఎవరి జ్ఞాపకానికీ వదల్లేదు.

ఏ సైటు ఆగుతుందో ముందే తెలుసుకోవడం

మొదటి జల్లెడ చాలా సాదా. కొత్త వెర్షన్ బైనరీతో (దాన్ని నడిపే ప్రోగ్రామ్ ఫైలుతో) ప్రతి పీహెచ్‌పీ ఫైల్‌కూ వ్యాకరణ తనిఖీ చేయించడం. ఫైల్‌ను నడపదు, చదివి తప్పుంటే చెబుతుందంతే. రాత్రిపూట తక్కువ ప్రాధాన్యంతో, డిస్క్ మీద భారం పడకుండా నడిపాం. దీనికి చిక్కినవాటిలో నాకు బాగా గుర్తున్నది ఒక పంచాంగం సైటు. నెలల పట్టికను రాసినాయన అందంగా వరుస కుదరాలని 01, 02, 03 అంటూ 12 దాకా రాశారు. పీహెచ్‌పీలో సున్నాతో మొదలయ్యే అంకె ఆక్టల్ (ఎనిమిది ఆధారంగా లెక్కించే పద్ధతి), అందులో 8, 9 ఉండవు. పీహెచ్‌పీ 5 ఇలాంటి 08ని, 09ని చప్పుడు చేయకుండా సున్నాగా తీసుకునేది. 7.0 నుంచి అది పార్స్ ఎర్రర్, పేజీ తెరుచుకోదు. అంటే ఆ సైటులో ఆగస్టు, సెప్టెంబర్ లెక్కలు అప్పటిదాకా కూడా తప్పే. కొత్త వెర్షన్ ఆ తప్పును బయటపెట్టింది.

రెండో జల్లెడ, కోడ్‌ను తనిఖీ చేసే పీహెచ్‌పీ_కోడ్‌స్నిఫర్ మీద నడిచే పీహెచ్‌పీకంపాటిబిలిటీ నియమాలు. భాష నుంచి తొలగించిన ఫంక్షన్లను (సిద్ధంగా ఉండే ఆదేశాలను) వెతికి పట్టుకుంటుంది. 7.0లో పోయిన, మైఎస్‌క్యూఎల్ డేటాబేస్‌తో మాట్లాడే మైఎస్‌క్యూఎల్_ కుటుంబం, ఈరెగ్, స్ప్లిట్. 7.2లో పీహెచ్‌పీ నుంచి బయటికి వెళ్లిపోయిన ఎమ్‌క్రిప్ట్ (mcrypt). 8.0లో పోయిన ఈచ్, క్రియేట్_ఫంక్షన్. దీని రిపోర్టు చూస్తే మొదట గుండె జారుతుంది, వేల వరుసలు వస్తాయి. కానీ అందులో పెద్ద భాగం 'ఓల్డ్', 'బ్యాకప్2', 'న్యూ_ఫైనల్' లాంటి ఫోల్డర్లలో ఏళ్ల తరబడి ఎవరూ తెరవని ఫైళ్లది. అందుకే రిపోర్టును యాక్సెస్ లాగ్‌తో (ఏ పేజీకి ఎప్పుడు పిలుపు వచ్చిందో రాసే ఫైలుతో) కలిపి, గత కొన్ని నెలల్లో నిజంగా పిలుపు అందుకున్న స్క్రిప్టులను, అవి కలుపుకొనే ఫైళ్లను మాత్రమే ఉంచాం. జాబితా మనుషులు చదవగలిగే పరిమాణానికి వచ్చింది.

మూడో జల్లెడే నా దృష్టిలో అన్నింటికంటే విలువైనది. పాత వెర్షనే తనకు ఏది కాలం చెల్లిందో చెబుతుంది, వినేవాళ్లు లేక ఆ మాటలు గాలికి పోతుంటాయి. స్క్రీన్ మీద ఎర్రర్లు కనిపించకుండా ఉంచి, ఎర్రర్ రిపోర్టింగ్‌ను ఈ_ఆల్ (అన్ని హెచ్చరికలూ) చేసి, లాగ్ ఫైల్‌కు రాయించాం. కొన్ని వారాలు నడవనిచ్చాం. 5.6లో మైఎస్‌క్యూఎల్_కనెక్ట్ పిలిచిన ప్రతిసారీ డిప్రికేటెడ్ (కాలం చెల్లింది, ఇక వాడొద్దు) అని రాస్తుంది. 7.4లో అయితే 8.0లో పోబోయే వాటిలో చాలా వాటి గురించి ముందే రాస్తుంది. కౌంట్ ఫంక్షన్‌కు ఖాళీ విలువ ఇస్తే 7.2 నుంచి హెచ్చరిక, 8.0లో అదే టైప్‌ఎర్రర్, పేజీ అక్కడే ఆగిపోతుంది. స్థిరంగా ఉన్న కోడ్‌ను చూసి ఏ స్కానర్ కూడా ఇది పూర్తిగా పట్టుకోలేదు, ఎందుకంటే ఆ విలువ ఖాళీగా వస్తుందో లేదో నడిచినప్పుడే తెలుస్తుంది.

లాగ్‌లోనూ కనపడనివి ఉన్నాయి. 8.0లో అంకెను, అక్షరాలున్న స్ట్రింగ్‌ను పోల్చే పద్ధతి మారింది. ఇదివరకు సున్నాను ఏ పేరుతో పోల్చినా సమానమే అనేది, ఇప్పుడు కాదంటుంది. ఒక కాలేజీ ఫలితాల పేజీలో హాల్ టికెట్ బదులు పేరు కొడితే 'దొరకలేదు' అని చూపేందుకు ఈ పాత ప్రవర్తన మీదే ఆధారపడ్డారు. దీనికి ఎర్రర్ రాదు, హెచ్చరిక రాదు, ఫలితం మాత్రం మారుతుంది. ఇలాంటివాటికి మనిషి కూర్చుని పేజీ తెరిచి చూడటం తప్ప దారి లేదు.

ఖాతాదారుల కోడ్‌ను స్కాన్ చేయడం గురించి ఒక మాట. మా నిబంధనల్లో దానికి అనుమతి ఉన్నా, స్కాన్ మొదలుపెట్టే ముందు అందరికీ చెప్పాం. యంత్రం చదువుతుంది, ఫైలు పేరూ వరుస నంబరూ మాత్రమే మాకు వస్తాయి, కోడ్ ఎక్కడికీ పోదు అని. నమ్మి సైటు అప్పగించినవాళ్లకు ఆ మాత్రం చెప్పడం బాధ్యత.

ఒకే చేతి కోడ్

చేత్తో రాసిన సైట్లను విడివిడిగా చూస్తే ఈ పనికి అంతు ఉండదు. డేటాబేస్ కనెక్షన్ ఫైలు, ఉత్తరాలు పంపే ఫారం ఫైలు, ఈ రెండింటికీ పాస్‌వర్డ్ వరుసలు తీసేసి హ్యాష్ (ఫైలు వేలిముద్ర లాంటి కోడ్) లెక్కించి గుంపులు చేశాం. తేలింది ఏమిటంటే, పదుల కొద్దీ సైట్లు కొద్దిమంది ఫ్రీలాన్సర్ల చేతివి. ఒకే అడ్మిన్ ప్యానెల్, ఒకే గ్యాలరీ, పేరూ రంగూ వేరు. ఆ డెవలపర్లను పట్టుకుని ఒక్క సైటు సరిచేయించుకుంటే అదే సవరణ మిగతావాటికీ సరిపోయింది. వాళ్లలో దొరికినవాళ్లు అందరూ సహకరించారు. కొందరికి ఈ సైట్లు ఇంకా నడుస్తున్నాయని కూడా తెలియదు, విని సంతోషించారు.

డెవలపర్ దొరకని సైట్లకు ఒక ఊతకర్ర వాడాం. మైఎస్‌క్యూఎల్_ ఫంక్షన్ల పేర్లతోనే, లోపల వాటి కొత్త రూపమైన మైఎస్‌క్యూఎల్ఐని పిలిచే ఒక చిన్న ఫైలు. దాన్ని సైటు పీహెచ్‌పీ సెట్టింగులుండే యూజర్ ఐఎన్ఐ ఫైల్‌లో ఆటో_ప్రిపెండ్ ద్వారా ముందుగా ఎక్కిస్తే పాత కోడ్ 7.4 మీద నడుస్తుంది. 7.0 నుంచి ఆ పేర్లు ఖాళీగా ఉన్నాయి కాబట్టి గొడవ రాదు. ఇది కోడ్‌ను బాగుచేయదు, సమయం కొనిస్తుంది. యజమాని ఒప్పుకుని, చివరి తేదీ రాసుకున్న సైట్లకే పెట్టాం.

5.3 సైట్లకు మాత్రం ఈ ఊతకర్ర ఇవ్వలేదు. దానికి కారణం అర్థం చేసుకోవడం ముఖ్యం. 5.3 దాకా మ్యాజిక్ కోట్స్ అనే సదుపాయం ఉండేది, ఫారంలో వచ్చిన కొటేషన్ గుర్తుల ముందు దానంతటదే వెనకగీత చేర్చేది. 5.4లో దాన్ని తీసేశారు. ఆ రక్షణను నమ్ముకుని ఇన్‌పుట్‌ను నేరుగా క్వెరీలో (డేటాబేస్‌కు ఇచ్చే ఆదేశంలో) కలిపేసిన సైటును పై వెర్షన్‌కు తెస్తే, ఎస్‌క్యూఎల్ ఇంజెక్షన్‌కు (ఫారం ద్వారా డేటాబేస్‌కు సొంత ఆదేశాలు చొప్పించే దాడికి) అప్పటిదాకా ఉన్న ఆ అరకొర అడ్డు కూడా పోతుంది. కొత్త వెర్షన్‌కు మార్చి సైటును ఇంకా బలహీనం చేయడం అంటే ఇదే. కాబట్టి 5.3 మీద ఉన్న ప్రతి సైటుకూ ముందు క్వెరీలు తిరగరాయాలి, తర్వాతే వెర్షన్. ఆ పనికి డబ్బు ఎవరు పెట్టాలన్న చర్చ ఒక్కోసారి నెలలు నడిచింది. కొన్నింటికి సమాధానం సైటును మామూలు హెచ్‌టీఎంఎల్ పేజీలుగా మార్చేయడమే. ఫోన్ నంబరు, ఫొటోలు, చిరునామా చూపడానికి డేటాబేస్ అక్కర్లేదు.

మధ్యలో 7.4, ఆ తర్వాత 8.1

5.6 నుంచి నేరుగా 8.1కు దూకితే రెండు రకాల దెబ్బలు కలిసి తగులుతాయి. 7.0లో ఫంక్షన్లు మాయమయ్యాయి, 8.0లో హెచ్చరికలు ఎర్రర్లయ్యాయి. 7.4ను వంతెనగా పెట్టుకుంటే మొదటిది అక్కడ తేలిపోతుంది, రెండోదాని గురించి లాగ్ ముందే చెబుతుంది. 7.4కు గడువు తీరినా హార్డెన్డ్‌పీహెచ్‌పీ సవరణలు ఉన్నాయి కాబట్టి కొన్ని నెలలు అక్కడ ఆగడం ఒప్పుకోదగ్గదే.

8.0లో ఎవరినీ ఆపలేదు. బిల్లింగ్, స్కూల్ మేనేజ్‌మెంట్ సాఫ్ట్‌వేర్లు కొన్ని అయాన్‌క్యూబ్‌తో మూసిన ఫైళ్లుగా వస్తాయి. 8.0కు ఆ ఫైళ్లను నడిపే అయాన్‌క్యూబ్ లోడర్ రానే లేదు, 7.4 తర్వాత 8.1కే వచ్చింది. పైగా పాత పీహెచ్‌పీ కోసం ఎన్‌కోడ్ చేసిన ఫైళ్లు కొత్త వెర్షన్‌లో నడవవు, అమ్మినవాళ్లు మళ్లీ ఎన్‌కోడ్ చేసి ఇవ్వాలి. ఇది మా చేతిలో గానీ ఖాతాదారు చేతిలో గానీ లేని పని కాబట్టి, ఇలాంటి సైట్లను మొదటి వారంలోనే వేరుచేసి విక్రేతలకు రాయించాం. 8.2 బదులు 8.1 ఎంచుకోవడానికీ కారణం ఉంది. 8.2లో డైనమిక్ ప్రాపర్టీలు (ముందు ప్రకటించకుండా ఆబ్జెక్టుకు చేర్చే విలువలు) డిప్రికేటెడ్ అయ్యాయి. పాత ప్లగిన్లున్న సైట్ల లాగ్‌లు దాంతోనే నిండిపోయి అసలు సమస్య వాటికింద దాక్కుంటుంది. ప్లాన్ వేసేనాటికి 8.1 గడువు 2024 నవంబర్. ఆ తర్వాత పీహెచ్‌పీ బృందం భద్రతా మద్దతును రెండేళ్లు చేసి డిసెంబర్ ఆఖరుకు జరపడంతో 2025 డిసెంబర్ 31 అయింది. మాకు అది కలిసొచ్చింది.

వర్డ్‌ప్రెస్ సైట్లకు వరుస ముఖ్యం. ముందు పాత పీహెచ్‌పీ మీదే, అది ఒప్పుకున్నంత వరకు వర్డ్‌ప్రెస్‌ను, ప్లగిన్లను పైకి తేవాలి. 5.6 మీద 6.2 దాకా వెళ్లొచ్చు. అప్పుడు పీహెచ్‌పీ మార్చాలి. ఆ తర్వాత మిగతా అప్‌డేట్లు. తిరగేసి చేస్తే పాత ప్లగిన్ కొత్త పీహెచ్‌పీలో కూలుతుంది. రెండూ ఒకేసారి చేస్తే వెనక్కి తిప్పడం కష్టం. పీహెచ్‌పీని ఒక ఆదేశంతో వెనక్కి తీసుకెళ్లొచ్చు, ప్లగిన్ మార్చేసిన డేటాబేస్ పట్టికలు ఆ ఆదేశంతో వెనక్కి రావు.

తెలుగు అక్షరాలు

ఒక జిల్లా వారపత్రిక సైటు 5.3 మీద ఉండేది. పదేళ్లకు పైగా వార్తలు, వ్యాసాలు. టెస్ట్ సర్వర్ మీద క్వెరీలు తిరగరాసి 7.4 మీద తెరిస్తే తెలుగు అంతా గుర్తులు తగిలించిన లాటిన్ అక్షరాల గుట్టలుగా కనిపించింది. తెలుగు సైట్లను అప్‌గ్రేడ్ చేసే ఎవరికైనా ఇది ఎదురవుతుంది, అందుకే వివరంగా చెబుతాను.

ఆ సైటు కట్టిన రోజుల్లో మైఎస్‌క్యూఎల్ పట్టికల డిఫాల్ట్ అక్షర సమితి లాటిన్1, అంటే అక్షరానికి ఒకే బైటు ఉండే యూరప్ అక్షరాల సమితి. పాత కోడ్ కనెక్షన్‌కు ఏ అక్షర సమితీ చెప్పలేదు, కాబట్టి అదీ లాటిన్1. బ్రౌజర్ నుంచి వచ్చినవి యూటీఎఫ్-8 (అన్ని లిపులకూ పనికొచ్చే పద్ధతి) తెలుగు బైట్లు. డేటాబేస్ వాటిని లాటిన్1 అనుకుని ముట్టుకోకుండా దాచింది, అడిగినప్పుడు ముట్టుకోకుండా ఇచ్చింది. రెండు వైపులా ఒకే అపోహ ఉండటంతో పదేళ్లూ సరిగ్గా కనిపించింది. కొత్త కోడ్ కనెక్షన్‌ను యూటీఎఫ్8ఎంబీ4 (మైఎస్‌క్యూఎల్‌లో పూర్తి యూటీఎఫ్-8 పేరు) అని చెప్పగానే డేటాబేస్ తన దగ్గరున్న 'లాటిన్1'ను బుద్ధిగా యూటీఎఫ్-8లోకి మార్చి ఇచ్చింది. ఒక్కో తెలుగు కోడ్ పాయింట్‌కు (కంప్యూటర్ విడిగా దాచే అక్షరం, గుణింతం లేదా పొల్లు గుర్తుకు) ఉన్న మూడు బైట్లు మూడు వేర్వేరు లాటిన్ గుర్తులయ్యాయి.

ఇక్కడ పట్టికను నేరుగా యూటీఎఫ్8ఎంబీ4కు కన్వర్ట్ చేసే ఆదేశం ఇస్తే ఆ చెడు శాశ్వతంగా డిస్క్ మీదకి ఎక్కుతుంది. సరైన దారి రెండు మెట్లది. వెర్షన్ మార్చే రోజు డేటాను కదపొద్దు, కొత్త కోడ్‌లో కనెక్షన్‌ను స్పష్టంగా లాటిన్1 అనే చెప్పాలి. సైటు ఎప్పటిలాగే కనిపిస్తుంది. తర్వాత తీరిక చూసుకుని, బ్యాకప్ తీసి, ఒక్కో కాలమ్‌ను ముందు బ్లాబ్‌గా (ముడి బైట్లుగా), ఆ బ్లాబ్‌ను యూటీఎఫ్8ఎంబీ4 టెక్స్ట్‌గా మార్చాలి. బ్లాబ్‌కు అక్షర సమితి ఉండదు కాబట్టి బైట్లు మారవు, వాటి పేరు మాత్రమే మారుతుంది.

ఆ రెండో మెట్టులో కొన్ని శీర్షికల దగ్గర మైఎస్‌క్యూఎల్ ఒప్పుకోలేదు. లాటిన్1లో 255 అక్షరాల కాలమ్ అంటే 255 బైట్లు, అంటే తెలుగులో 85 కోడ్ పాయింట్లే. 'క్షా' అన్న ఒక్క అక్షరానికే నాలుగు కోడ్ పాయింట్లు, 12 బైట్లు పోతాయి. పొడవైన శీర్షికలు అప్పట్లోనే మధ్యలో తెగాయి, కొన్ని అక్షరం నడుమే తెగి ఒకటో రెండో బైట్లు వేలాడుతున్నాయి. చెల్లని ఆ తోకలను వెతికి కత్తిరించాకే మార్పు పూర్తయింది.

మొదటి పేజీలో శీర్షికలను కుదించడానికి వాడిన సబ్‌స్ట్ర్ ఫంక్షన్ కూడా బైట్ల లెక్కే. తెగిన ముక్క, పేజీలో చూపే ముందు ప్రత్యేక గుర్తులను మార్చే హెచ్‌టీఎంఎల్‌స్పెషల్‌చార్స్‌కు వెళ్తే ఏమవుతుందన్నది వెర్షన్‌ను బట్టి మారుతుంది. 5.3లో దాని డిఫాల్ట్ సమితి ఐఎస్‌ఓ-8859-1 కాబట్టి పట్టించుకోదు. 5.4 నుంచి డిఫాల్ట్ యూటీఎఫ్-8, చెల్లని బైట్ ఒక్కటి కనిపించినా మొత్తం స్ట్రింగ్‌ను ఖాళీ చేసి ఇస్తుంది, శీర్షికే మాయం. 8.1లో డిఫాల్ట్ మళ్లీ మారి, ఆ బైట్ స్థానంలో వజ్రాకారంలో ప్రశ్నార్థకం ఉండే గుర్తు (U+FFFD) పెట్టి మిగతాది ఇస్తుంది. బైట్లు కాక కోడ్ పాయింట్లు లెక్కించే ఎంబీ_సబ్‌స్ట్ర్ వాడితే ఈ గొడవే లేదు. కానీ సర్వర్‌లో ప్రతి పీహెచ్‌పీ వెర్షన్‌కూ దాన్ని ఇచ్చే ఎంబీస్ట్రింగ్ ఎక్స్‌టెన్షన్‌ను విడిగా ఎక్కించాలి. 5.6లో ఉన్న ఎక్స్‌టెన్షన్లన్నీ 8.1లో ఉన్నాయో లేదో పోల్చి చూడటం ఐదు నిమిషాల పని. తెలుగు సైట్లున్న సర్వర్‌లో దాన్ని వదిలేయకూడదు.

యజమానితో మాట

మేము పంపిన ఈమెయిళ్లను చాలామంది తెరవలేదు. ఖాతా తెరిచినప్పుడు ఇచ్చిన ఈమెయిల్ చాలాసార్లు డెవలపర్‌దే. ఫోన్, వాట్సాప్ పనిచేశాయి. పీహెచ్‌పీ అన్న మాట వాడకుండా రాసిన సందేశం ఇది:

"నమస్కారం అండి. మీ వెబ్‌సైట్ నడిచే సర్వర్ సాఫ్ట్‌వేర్‌ను వచ్చే బుధవారం రాత్రి 11 గంటలకు కొత్త వెర్షన్‌కు మారుస్తున్నాం. దీనికి మీకు ఖర్చేమీ లేదు. గురువారం పొద్దున మీ సైటులో మూడు చూడండి: మొదటి పేజీ, కస్టమర్లు వివరాలు పంపే ఫారం, మీరు లాగిన్ అయ్యే పేజీ. ఏది తేడాగా ఉన్నా ఈ నంబర్‌కు ఫోన్ చేయండి, వెంటనే పాతదానికి మార్చేస్తాం."

"సైటు బాగానే ఉంది కదండీ, ఎందుకు కదపడం?" అని అడిగినవాళ్లే ఎక్కువ. న్యాయమైన ప్రశ్న. "ఈ సర్వర్ వచ్చే జూన్ తర్వాత ఉండదండి, ఇప్పుడు నెమ్మదిగా మారిస్తే అప్పుడు హడావుడి ఉండదు" అంటే అర్థం చేసుకున్నారు. "మా సైటు చేసిన అబ్బాయి కెనడా వెళ్లిపోయాడండి" అన్నవాళ్లకు మా వైపు నుంచి ఒక మనిషిని కేటాయించాం. అది ఉచితమా కాదా అన్న విషయం ముందే తేల్చి చెప్పాం.

తేదీలు క్యాలెండర్ చూసి పెట్టాం. కాలేజీలకు ఇంటర్ ఫలితాలు, అడ్మిషన్లు నడిచే ఏప్రిల్ నుంచి జూలై దాకా ముట్టుకోలేదు. చీరల దుకాణాలకు శ్రావణం, దసరా, సంక్రాంతి. ఆడిటర్లకు జీఎస్టీ రిటర్న్ గడువులు. కల్యాణ మండపాలకు ముహూర్తాల నెలలు. 2024లో ఉగాది ఏప్రిల్ 9, పంచాంగం సైటును దానికి చాలా ముందే ముగించాం. శుక్రవారం రాత్రి మార్పులు అసలు పెట్టలేదు.

మార్చే రాత్రి

మొదట మా సొంత సైట్లు, తర్వాత పీహెచ్‌పీ పేరుకే ఉన్న సైట్లు, ఆ తర్వాత శుభ్రమైన వర్డ్‌ప్రెస్, చివరికి చేత్తో రాసినవి. ఒక బ్యాచ్‌లో ఒకే రకం. ప్రతి సైటుకూ ముందు, తర్వాత కొన్ని ముఖ్య పేజీలు తెచ్చి పోల్చే స్క్రిప్ట్ రాశాం.

ఈ పోలికలో స్టేటస్ కోడ్‌ను (సర్వర్ చెప్పే ఫలితం: 200 అంటే సరే, 500 అంటే లోపం) ఒక్కదాన్నే నమ్మకూడదు. పేజీ మొదలుకాకముందే కోడ్ కూలితే 500 వస్తుంది. సగం పేజీ పంపాక కూలితే స్టేటస్ 200గానే ఉంటుంది, పేజీ మాత్రం మధ్యలో ఆగిపోతుంది. మానిటరింగ్ పచ్చగా చూపిస్తుంది, కస్టమర్‌కు ఫారం కనిపించదు. కాబట్టి పేజీ చివర ముగింపు హెచ్‌టీఎంఎల్ ట్యాగ్ వచ్చిందా, పేజీ పరిమాణం మునుపటికి దగ్గరగా ఉందా అన్నవి కూడా చూశాం.

హ్యాండ్లర్ మారితే ఇంకో రకం 500. పాత హెచ్‌టీయాక్సెస్‌లో పీహెచ్‌పీ_వాల్యూ వరుసలుంటే, పీహెచ్‌పీ అపాచీ మాడ్యూల్‌గా నడిస్తే తప్ప సాధారణంగా అవి అపాచీకి అర్థం కావు. వాటిని యూజర్ ఐఎన్ఐ ఫైల్‌లోకి మార్చాలి. ఆ ఫైలు డిఫాల్ట్‌గా 300 సెకన్లు క్యాష్‌లో ఉంటుంది, కాబట్టి మార్చి వెంటనే చూసి పనిచేయలేదని కంగారు పడొద్దు.

సీప్యానెల్‌లో ఒక్కో పీహెచ్‌పీ వెర్షన్ సెషన్ ఫైళ్లు (ఎవరు లాగిన్ అయ్యారో గుర్తుంచుకునేవి) ఒక్కో ఫోల్డర్‌లో ఉంటాయి. వెర్షన్ మారిన క్షణాన లాగిన్ అయి ఉన్నవాళ్లందరూ బయటికి వచ్చేస్తారు, దుకాణం సైటులో కార్ట్ ఖాళీ అవుతుంది. రాత్రి 11 ఎంచుకోవడానికి ఇదీ ఒక కారణం.

క్రాన్ జాబులు (నిర్ణీత సమయానికి వాటంతటవే నడిచే పనులు) వెబ్‌తో పాటు కదలవు. ఎప్పుడో ఎవరో పాత బైనరీ పూర్తి దారి రాసి పెట్టి ఉంటారు, సైటు 8.1 మీద ఉంటే ఫీజు రిమైండర్ మాత్రం 5.6 మీదే నడుస్తూ ఉంటుంది. 5.6 తీసేసిన రోజున అది ఆగిపోతుంది, ఆ ఉత్తరం రాలేదని ఎవరైనా గమనించడానికి నెల పట్టొచ్చు. ప్రతి ఖాతా క్రాన్ పట్టికనూ వెర్షన్ మార్పుతో కలిపే చూశాం.

మిగిలినవి

అన్నీ అయ్యాక కొద్ది సైట్లు మిగిలాయి. విక్రేత మూతపడిన అయాన్‌క్యూబ్ సాఫ్ట్‌వేర్లు, యజమాని దొరకని సైట్లు. వాటిని ఒక ప్రత్యేక సర్వర్‌కు చేర్చాం. అక్కడ ఖాతాలు, ఒకరి ఫైళ్లు ఒకరికి కనిపించకుండా చేసే కేజ్‌ఎఫ్‌ఎస్‌తో విడివిడిగా, అప్‌లోడ్ ఫోల్డర్లలో పీహెచ్‌పీ నడవకుండా, బయటికి మెయిల్ పంపే ఫంక్షన్ ఆపేసి. పాత వెర్షన్‌కు అదనపు రుసుము పెడదామన్న ప్రతిపాదన వచ్చింది, నేను ఒప్పుకోలేదు. పాత వెర్షన్ మీద ఆదాయం వస్తే దాన్ని మూసేయడానికి మనకే మనసు రాదు. రుసుము బదులు తేదీ పెట్టాం. తేదీ వచ్చిన సైట్ల పూర్తి బ్యాకప్ యజమానికి అందజేసి, సైటు స్థానంలో చిరునామా, ఫోన్ నంబరు ఉన్న సాదా పేజీ పెట్టాం.

ఇప్పుడు ప్రతి ఖాతా రికార్డులో రెండు కొత్త గడులు ఉన్నాయి. సైటు గురించి నిర్ణయం తీసుకునే మనిషి ఫోన్ నంబరు ఒకటి, కోడ్ తెలిసిన మనిషి నంబరు ఇంకొకటి. ఏటా రెన్యువల్ కాల్‌లో ఆ రెండింటినీ అడిగి సరిచూస్తారు. డిప్రికేటెడ్ లాగ్‌లు ఆపలేదు, 8.2కు వెళ్లే బ్యాచ్‌ల జాబితా వాటి నుంచే తయారవుతోంది.